నెల్లూరు–ఒంగోలు హైవేలో లెవెల్ 2 అడాస్: స్టీరింగ్ మన చేతికి వదిలేటప్పుడు

టెస్ట్ డ్రైవ్‌కి ఎక్కగానే సేల్స్ కుర్రాడు ముందు చూపించేది ఒకటే. "సార్, చేతులు కొంచెం లూజుగా పెట్టండి, స్టీరింగ్ అదే తిరుగుద్ది చూడండి" అంటాడు. తిరుగుతుంది, నిజమే. హైవే ఎక్కాక గీతలు తెల్లగా కనిపిస్తున్నంతసేపూ ముచ్చటగా తిరుగుతుంది. కొనేవాళ్లు అతన్ని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: తిరగడం మానేసినప్పుడు ఆ సంగతి మనకెలా తెలుస్తుంది? తెలిశాక మన దగ్గర ఎన్ని సెకన్లు మిగులుతాయి?

ఈ రివ్యూ ఫలానా కారు మీద కాదు. ఇప్పుడు 15 నుంచి 25 లక్షల మధ్య కార్లలో వస్తున్న లెవెల్ 2 అడాస్ మీద, అంటే డ్రైవరుకి తోడుగా స్టీరింగునీ వేగాన్నీ కొంతవరకు తానే చూసుకునే సరుకు మీద. అది 16వ నంబరు జాతీయ రహదారిలో నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న సుమారు 120 కిలోమీటర్లకీ, ఆ రోడ్డు నుంచి పడమటికి చీలే రోడ్లకీ ఏమాత్రం సరిపోతుందన్నదే ఇక్కడి లెక్క. మార్కులు ముందే చెప్పేస్తే, ముందు బండిని బట్టి వేగం తగ్గించి పెంచే క్రూజ్‌కి అయిదుకి నాలుగు. గీతల మధ్య నిలబెట్టే లేన్ అసిస్ట్‌కి రెండున్నర. బండి మనకు పగ్గాలు అప్పగించే తీరుకి ఒకటిన్నర, అదీ మొహమాటానికి.

ఈ ధరలో దీన్ని మన జనంలోకి తెచ్చినవి 2021లో వచ్చిన ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700. తర్వాత 2022లో హోండా సిటీ హైబ్రిడ్, 2023లో హ్యుందాయ్ వెర్నా, కొత్త టాటా హ్యారియర్, 2024 జనవరిలో కొత్త క్రెటా వచ్చాయి. ఎక్కువ బండ్లలో సరంజామా ఒకటే: అద్దం వెనక, అంటే లోపలి మిర్రర్ పైన ఒక కెమెరా; ముందు బంపరులోనో లోగో వెనకో ఒక రాడార్. హోండా వాళ్లది ఒక్క కెమెరాతోనే నడుస్తుంది. గీతలు చూసేది కెమెరా. ముందు బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో పోతోంది అని కొలిచేది ముఖ్యంగా రాడార్. ఈ పని విభజన గుర్తుంచుకోండి, ఏది ఎప్పుడు చేతులెత్తేస్తుందో దీన్నిబట్టే ఊహించొచ్చు.

లెవెల్ అనే మాట ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టింది, సున్నా నుంచి అయిదు దాకా. రెండో లెవెల్లో స్టీరింగూ వేగమూ బండి చూసుకుంటుంది, రోడ్డు చూడాల్సింది మనం. ఆ పని అర సెకను కూడా బండిది కాదు. మూడో లెవెల్ వేరు. జర్మనీలో 2021 డిసెంబరులో మెర్సిడెస్‌కి అలాంటి దానికి అనుమతి దొరికింది, మొదట గంటకు 60 కిలోమీటర్ల వేగం వరకే. అక్కడ ఐక్యరాజ్యసమితి 157వ నంబరు నిబంధన ప్రకారం బండి "ఇక మీరు తీసుకోండి" అని పిలిచాక డ్రైవరుకి కనీసం 10 సెకన్లు గడువిస్తుంది. అప్పటికీ ఆయన అందుకోకపోతే తనంతట తానే నెమ్మదిగా ఆగుతుంది. మన లెవెల్ 2 కార్లో ఆ గడువు సున్నా సెకన్లు. పిలుపు లేకుండానే వదిలేసే హక్కు దానికుంది, మాన్యువల్‌లో ఆ మాట రాసే ఉంటుంది. మూడో లెవెల్ పైవి ఇప్పట్లో ఇక్కడికి వచ్చేలా లేవు. డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని, కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ 2023లోనూ చెప్పారు. కాబట్టి మనం వాడేది ఈ సగం సగం బండినే.

మనిషి వైపు నుంచి చూస్తే కథ ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 2017లో అచ్చయిన ఒక సిమ్యులేటర్ పరిశోధనలో, తొందరేమీ లేని వేళ "బండి తీసుకోండి" అని చెప్తే డ్రైవర్లు అందుకోవడానికి పట్టిన సమయం 1.9 సెకన్ల నుంచి 25.7 సెకన్ల దాకా ఉంది. అంత తేడా! ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించింది మరోటి. స్టీరింగ్ పట్టుకున్నంత మాత్రాన సరిపోలేదు, బండి లేన్‌లో కుదురుగా నిలవడానికి 35–40 సెకన్లు పట్టింది. చెయ్యి ఒక సెకనులో స్టీరింగ్ మీదికి వస్తుంది. ఎడమ అద్దంలో ఏముంది, వెనక బస్సు ఎంత దగ్గరుంది, మనం ఎంత వేగంలో ఉన్నాం అన్నవి మనసులోకి రావడానికే ఎక్కువ టైము. మామూలుగా నడిపేటప్పుడు ఈ లెక్క తలలో నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని ఖరీదు తెలీదు. అడాస్ పెట్టి పది నిమిషాలు కూర్చుంటే ఆ లెక్క మెల్లగా ఆగిపోతుంది, ఆగిందని కూడా తెలీదు.

బ్రేకు అదే వేస్తుందా, నేను వెయ్యాలా?

అసలు చిక్కు బండి తప్పు చెయ్యడంలో కంటే ఈ ప్రశ్నలో ఉంది. తప్పు చేస్తుందని గట్టిగా తెలిస్తే కాలు ముందే లేస్తుంది. చెయ్యదని తెలిస్తే కాలు లేవక్కర్లేదు. తెలియనప్పుడే కాలు బ్రేకు మీదికి పోయి, తొక్కకుండా ఆగుతుంది. ఆ ఆగిన సెకను ఖరీదు లెక్క వేద్దాం.

80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 22 మీటర్లు పోతాం. క్రూజ్‌లో గ్యాప్ రెండు సెకన్లకి పెట్టుకున్నామనుకోండి, ముందు కారుకీ మనకీ మధ్య 44 మీటర్లు. ఎడమ లేన్‌లో వెనక లైట్లు లేని లారీ ఆగి ఉంది. ముందు కారతను దాన్ని 30 మీటర్ల దూరంలో చూసి కుడికి లాగేశాడు. ఆ క్షణాన లారీకీ మనకీ మధ్య ముందు కారు పొడవుతో కలిపి 78 మీటర్లు. కాలు సిద్ధంగా ఉన్న మనిషి 1.5 సెకన్లలో బ్రేకు తొక్కితే అప్పటికి 33 మీటర్లు అయిపోతాయి, మిగిలినవి 45. పొడి రోడ్డు మీద 80 నుంచి పూర్తిగా ఆగడానికి 35 మీటర్లు చాలు. పది మీటర్ల ముందు ఆగుతాడు, గుండె దడదడలాడుతుంది, అంతే. ఇప్పుడు "బండి వేస్తుందేమో" అని ఒక్క సెకను చూసిన మనిషి లెక్క: 2.5 సెకన్లలో 55 మీటర్లు పోయాయి, 23 మిగిలాయి. లారీకి దాదాపు 48 కిలోమీటర్ల వేగంతో తగులుతాడు. తడి రోడ్డయితే ఆ 35 మీటర్లే 50 దాటుతాయి. ఆటో బ్రేకు పడితే కొంత తగ్గొచ్చు, దాన్ని మాత్రం లెక్కలో వేసుకోకండి.

ఎందుకంటే ఆగి ఉన్న వస్తువు ఈ క్రూజ్‌కి పుట్టుకతో వచ్చిన బలహీనత. రాడార్‌కి రోడ్డు పొడవునా కదలనివి బోలెడు కనిపిస్తాయి: బోర్డు స్తంభాలు, వంతెన గడ్డర్లు, డివైడర్ రెయిలింగ్. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి ముందుకి కదలదు. అందుకని పెద్ద వేగంలో కదలనివాటిలో చాలా వాటిని అది పక్కన పెట్టేస్తుంది. కదులుతూ కదులుతూ ఆగిన బండిని బాగానే పట్టుకుంటుంది, ముందునుంచే ఆగి ఉన్నదాన్ని వదిలెయ్యొచ్చు. ముందు కారు తప్పుకున్నాక కనబడే లారీ ఈ రెండో రకం. పైగా ముందు దారి ఖాళీ అయిందనుకుని మనం పెట్టిన వేగానికి చేరుకోవడానికి బండి ఆ క్షణంలో కొంచెం ముందుకి దూకుతుంది కూడా.

గ్యాప్ తక్కువ పెట్టుకుంటే పై లెక్క ఏమవుతుందో చూడండి. ఒక సెకను గ్యాప్‌లో లారీకి మనకి మధ్య ఉండేది 56 మీటర్లే. కాలు సిద్ధంగా ఉన్నవాడు కూడా అదే 48తో తగులుతాడు. "గ్యాప్ ఎక్కువుంటే మధ్యలో బైకులూ ఆటోలూ దూరిపోతున్నాయండీ" అని అందరూ అనేమాటే. దూరనివ్వండి, బండి మళ్లీ వెనక్కి తగ్గుతుంది. గ్యాప్ బటన్‌తో వచ్చే దూరాల్లో అన్నిటికంటే పెద్దదో దాని కిందదో ఉండాలి, అంతకు తగ్గొద్దు.

బ్రేకు, యాక్సిలరేటరు, స్టీరింగ్

బండిని తిరిగి తీసుకోవడానికి దార్లు నాలుగున్నాయి, నాలుగూ నాలుగు రకాలు. మన కారులో ఏది తాకితే ఏది పోతుందో తెలియకపోవడమే సగం గాభరాకి మూలం.

బ్రేకు తాకితే క్రూజ్ పోతుంది. ఇందులో కంపెనీల మధ్య తేడా లేదు. లేన్ అసిస్ట్ మాత్రం చాలా బండ్లలో అలాగే పని చేస్తుంటుంది. బ్రేకు తొక్కాను కాబట్టి మొత్తం నాదే అనుకుని పక్కకి కోస్తే స్టీరింగ్ కాస్త ఎదురు తంతుంది. ఎదురు తన్నినా మన చేతికి లొంగుతుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం దాన్ని మించడానికి మనం పెట్టాల్సిన బలం 50 న్యూటన్లు దాటకూడదు, అంటే చక్రం అంచున అయిదు కిలోల బరువంత. లొంగుతుందని తెలిసినవాడు తిప్పేస్తాడు, తెలియనివాడు "ఇదేంటి బిగుసుకుంది" అని అర సెకను ఆగుతాడు.

స్టీరింగ్ తిప్పితే ఏదీ ఆఫ్ కాదు. తిప్పినంతసేపు ఊరుకుంటుంది, చేతి బలం తగ్గగానే మళ్లీ వచ్చి లేన్ మధ్యకి లాగుతుంది. ఇండికేటర్ వేస్తే ఆ లాగుడు ఉండదు. మన దగ్గర గుంత తప్పించడానికో సైకిలతనికి చోటివ్వడానికో ఎవరూ ఇండికేటర్ వెయ్యరు. అడాస్ కారులో వెయ్యాలి, లేకపోతే సైకిలతని వైపుకే లాగుతుంది.

యాక్సిలరేటరు సంగతి అన్నిటికంటే తిరకాసు, సేల్స్ వాళ్లు చెప్పనిది కూడా ఇదే. దాన్ని తొక్కితే క్రూజ్ ఆఫ్ కాదు, పక్కకి తప్పుకుంటుంది. అలా తొక్కి ఉన్నంతసేపూ ముందు బండి ఆగినా క్రూజ్ బ్రేకు వెయ్యదు. ఓవర్‌టేక్ కోసం తొక్కి, అలవాటుగా కాలు దాని మీదే ఆనించి కూర్చున్నవాళ్లకి క్లస్టర్‌లో, అంటే స్టీరింగ్ వెనక మీటర్లుండే తెర మీద, క్రూజ్ వెలుగుతూనే ఉంటుంది, వాళ్లకి అది కాపలా ఉందనిపిస్తుంది. లేదు. కాలు పూర్తిగా తీసి నేల మీదో బ్రేకు పక్కనో పెట్టాలి.

నాలుగోది స్టీరింగ్ మీద ఉండే క్యాన్సిల్ బటన్. ఇది మెత్తటి దారే, కానీ కాలు యాక్సిలరేటరు మీద లేకుండా నొక్కితే బండి ఒక్కసారిగా వేగం తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కారులో రీజెన్, అంటే కాలు తీయగానే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీకి కరెంటు పంపే ఏర్పాటు, ఎక్కువ పెట్టి ఉంటే బ్రేకు వేసినట్టే ఉంటుంది, వెనక కంటైనర్ ఉంటే మంచిది కాదు. ముందు కాలు యాక్సిలరేటరు మీద పెట్టి, లేతగా ఆనించి, ఆ తర్వాత క్యాన్సిల్ నొక్కండి.

ఆకుపచ్చ బొమ్మ

ఒకటిన్నర మార్కులు ఎందుకంటే ఇందుకు. లేన్ అసిస్ట్ పని చేస్తోందని చెప్పేది క్లస్టర్‌లో చిటికెన వేలి గోరంత స్టీరింగ్ బొమ్మ. పని చేస్తుంటే ఆకుపచ్చ. గీతలు దొరక్కపోతే బూడిద రంగు. చాలా బండ్లలో ఆకుపచ్చ నుంచి బూడిదకి మారేటప్పుడు శబ్దమేమీ ఉండదు. క్రూజ్ మాత్రం అలాగే ఉంటుంది. అంటే వేగం బండి చూస్తోంది, దిశ ఎవరూ చూడట్లేదు. తిన్నటి రోడ్డు మీద మూడు నాలుగు సెకన్లు తేడా కూడా తెలీదు. ఆ తర్వాత బండి మెల్లగా డివైడర్ వైపుకో మట్టి వైపుకో ఒరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో, సన్ గ్లాసెస్ పెట్టుకుని ఆ రంగు తేడా పట్టడం చూపు బాగున్నవాళ్లకే కష్టం. మూడు రూపాయల బజర్‌తో పోయే లోపం ఇది.

దీనికి తోడు చేతుల అలారం. చాలా బండ్లు మన చెయ్యి ఉందా లేదా అన్నది పట్టును బట్టి చూడవు, చక్రం మీద పడే మెలికను, అంటే తిప్పే బలాన్ని బట్టి చూస్తాయి. రెండు చేతులూ బుద్ధిగా పెట్టుకుని కూర్చున్నా, తిన్నటి రోడ్డులో మెలిక ఉండదు కాబట్టి "చేతులు పెట్టండి" అని అరుస్తుంది. పదిసార్లు అబద్ధం అరిచాక పదకొండోసారి నిజంగా వదిలేటప్పుడు అరిచినా మనం పట్టించుకోం. ఐరోపా రూలులో 15 సెకన్లు చెయ్యి లేకపోతే బొమ్మ, 30 సెకన్లకి ఎర్ర రంగుతో పాటు శబ్దం, అప్పటికీ వినకపోతే ఆఫ్. టచ్ తెలిసే స్టీరింగ్ ఉన్న మోడళ్లలో ఈ బాధ లేదు. రెండిటి మధ్య ఎంచుకునే వీలుంటే సన్‌రూఫ్ వదులుకుని అయినా అదే తీసుకోండి. ఈ అలారాన్ని మోసం చెయ్యడానికి స్టీరింగ్‌లో నీళ్ల బాటిల్, పండు ఇరికించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నిమ్మకాయలకి లోటు లేని గూడూరు మన పక్కనే ఉంది, ఎవరికీ ఈ ఉపాయం చెప్పకండి.

ఇది మన కార్ల ఒక్కటే గొడవ కాదు. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే బీమా కంపెనీల భద్రతా సంస్థ 2024 మార్చిలో 14 సిస్టమ్‌లను డ్రైవరు మీద నిఘా, హెచ్చరికలు ఎలా ఉన్నాయని చూస్తే, ఫర్వాలేదనిపించుకున్నది ఒక్కటే. పదకొండింటికి అట్టడుగు గ్రేడు.

మన రోడ్డు మీద ఎక్కడెక్కడ వదులుతుంది

మూసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు మొదటి చోటు. ప్లాజా దగ్గర రెండు లేన్లు విప్పారి ఎనిమిదో పదో అవుతాయి, గీతలు మాయమై కొత్త గీతలు పుడతాయి. ముందు కారు పక్క ఫాస్టాగ్ లైన్లోకి పోతే, 90 పెట్టుకున్న మన క్రూజ్ గేటు వైపుకి పరుగు తీస్తుంది. టోల్ అని బోర్డు కనిపించగానే మీరే క్యాన్సిల్ నొక్కి తీసుకోండి. క్యూలో ఆగాక మూడు సెకన్ల లోపు ముందు బండి కదిలితే చాలా బండ్లు వాటంతటవే కదులుతాయి, అంతకు మించితే బటన్ నొక్కాలి. చక్రం పక్కన జామకాయలమ్మే మనిషి నిలబడి ఉండగా కారు దానంతటది కదలడం ఏమంత మంచిది కాదు, క్యూలో క్రూజ్ అక్కర్లేదు. కొన్ని పాత సిస్టమ్‌లు 30 కిలోమీటర్ల కింద క్రూజ్‌ని బీప్‌తో వదిలేస్తాయి, అప్పుడు ఆటోమేటిక్ గేరు బండి బ్రేకు లేకుండా ముందుకి పాకుతుంటుంది. ఈ సంగతి కొనేముందే తేల్చుకోండి.

ఉలవపాడు దగ్గర మామిడికాయల కాలంలో ఎడమ లేన్‌లో నడుస్తున్న కారు బుట్ట కనిపించగానే ఇండికేటర్ లేకుండా ఆగుతుంది. కదులుతూ ఆగింది కాబట్టి క్రూజ్ దాన్ని పడుతుంది, గట్టిగానే పడుతుంది. మన వెనక ఉన్నవాడు పట్టాలిగా. అక్కడ ఎడమ లేన్ వదలండి. కుడి లేన్‌లో 50 మీద పోయే లారీ ఎటూ ఉంటుంది, దాని వెనక క్రూజ్ ఓపిగ్గా నడుస్తుంది. క్రూజ్‌కి ఇచ్చిన నాలుగు మార్కుల్లో ఒకటి ఆ ఓపికకే.

డివైడర్ గ్యాపులు మూడో రకం. ట్రాక్టరు ట్రక్కుతో సహా అడ్డంగా దాటుతుంది, రాంగ్ రూట్‌లో బైకు ఎదురొస్తుంది. అడ్డంగా పోయేదాన్ని గుర్తించడం ఈ సిస్టమ్‌కి కష్టం. ట్రైలర్ అయితే ఇంకా కష్టం, చక్రాల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి. 2016 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో టెస్లా కారు ఒకటి ఆటోపైలట్‌లో పోతూ, రోడ్డుకి అడ్డంగా తిరుగుతున్న ట్రైలర్ కిందికి దూసుకుపోయింది. బండీ బ్రేకు వెయ్యలేదు, మనిషీ వెయ్యలేదు. చీమకుర్తి గ్రానైటు రాళ్లు మోసే ఎత్తు బెడ్ ట్రైలర్లు ఒంగోలు చుట్టుపక్కల ఎన్ని తిరుగుతాయో మనకి తెలియంది కాదు. ఊరి పేరు బోర్డు కనపడితే కాలు బ్రేకు పైకి రావాలి. తొక్కనక్కర్లేదు, పైన ఉంటే చాలు. పై లెక్కలో ఆ సెకను మిగిలేది ఇక్కడే.

మార్చి, ఏప్రిల్‌లో కోతలప్పుడు సర్వీసు రోడ్డు మీదా, ఒక్కోచోట హైవే అంచు మీదా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. మోకాలెత్తు లేని ఆ కుప్ప, ఆ రాళ్లు కెమెరాకీ రాడార్‌కీ లెక్కలోకి రావు. ఎనుముల సంగతీ నమ్మకం లేదు. మనిషినీ సైకిల్‌నీ గుర్తించేలా నేర్పారు, ఎనుముని నేర్పారో లేదో మీ మాన్యువల్‌లో చూసుకోండి. వరిగడ్డి ట్రాక్టరు నాలుగు వైపులా పొంగి ఉంటుంది, క్రూజ్ దూరం కొలిచేది చాలాసార్లు దాని ఇనుప ట్రక్కుకి, బయటికి పొంగిన గడ్డికి కాదు.

ఇక పడమటి రోడ్లు. నెల్లూరు నుంచి ఆత్మకూరు వైపు, ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి వైపు. హైవే ఉత్తరదక్షిణాలుగా పోతుంది కాబట్టి సూర్యుడు పక్కనుంచి కొడతాడు. ఈ రోడ్లలో సాయంత్రం అయిదు దాటితే నేరుగా కెమెరా కంట్లోనే. లేన్ అసిస్ట్ చెప్పకుండా పోతుంది, కెమెరా ఒక్కదానితో నడిచే బండ్లలో క్రూజ్ కూడా పోవచ్చు. డివైడర్ లేని చోట లేన్ అసిస్ట్ పూర్తిగా ఆపెయ్యండి. ఎదురుగా ఆర్టీసీ బస్సు ఇంకో బండిని దాటుతూ మన లేన్‌లోకి వస్తే మనం చేసేది మట్టిలోకి దిగడం. ఇండికేటర్ లేకుండా గీత దాటుతున్నామని అది మనల్ని మళ్లీ రోడ్డు మీదికి, అంటే బస్సు ముందుకి లాగుతుంది. చేత్తో గట్టిగా పట్టుకుంటే లొంగుతుంది, ఆ క్షణంలో దానితో కుస్తీ ఎవరికి కావాలి? కొన్ని కార్లలో ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లేన్ సేఫ్టీ దానంతటదే ఆన్ అవుతుంది. టీకి ఆగిన ప్రతిసారీ మళ్లీ ఆపుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన గట్టిగా పడితే ముందు లేన్ అసిస్ట్, తర్వాత "రాడార్ మూసుకుంది" అన్న మెసేజీతో క్రూజ్ పోతాయి. వైపర్లు ఫుల్ స్పీడుకి పెట్టాల్సిన వాన మొదలైతే అది వదిలేదాకా ఆగకుండా మీరే తీసుకోండి. 2021 నవంబరులో కోవూరు దగ్గర పడుగుపాడులో పెన్న వరదకి హైవేనే కోసుకుపోయింది. ముందు రోడ్డు లేదని చెప్పే సెన్సరు ఈ ధరలో ఏ కారుకీ లేదు.

మనమే దాని కళ్లు మూసే తీరు

కారణం లేకుండా అడాస్ పదే పదే వదిలేస్తోందని సర్వీసు సెంటరుకి వచ్చే బండ్లలో ముందు చూడాల్సింది అద్దం పైభాగం. ఫాస్టాగ్ స్టిక్కర్ కెమెరా ముందో అంచునో అంటించి ఉంటుంది, లేదా దేవుడి స్టిక్కరు. మిర్రర్‌కి వేలాడే దండ ఊగినప్పుడల్లా గీత ఒకటి కెమెరాకి కనపడదు. కెమెరా గూడు చుట్టూ అరచేతి మేర ఏదీ ఉండకూడదు, సన్ ఫిల్మ్‌తో సహా. ఇక విజయదశమి పూజ: రాడార్ లోగో వెనక ఉన్న బండ్లలో లోగో మీద పట్టించిన గంధం, కుంకుమ ఎండి గట్టిపడితే మెసేజీ వస్తుంది. బొట్టు బానెట్ మీద పెట్టండి, దండ లోగో మీద పడకుండా కట్టండి. తర్వాత తడి గుడ్డతో తుడవండి, పీచుతో రుద్దొద్దు. అలంకారం గ్రిల్లు, ఫాన్సీ నంబరు ప్లేటు ఫ్రేము వద్దు.

ముందు అద్దం మారిస్తే కెమెరా కాలిబ్రేషన్, అంటే దాని చూపు కోణం సరిచెయ్యడం, తప్పదు. బంపరు విప్పి బిగించినా రాడార్ కోణం సరిచూడాలి, ఒక డిగ్రీ తప్పితే 60 మీటర్ల దూరంలో మీటరు పక్కకి చూస్తుంది, అంటే పక్క లేన్ లారీకి మనం బ్రేకు వేస్తాం. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో అద్దం ఖరీదుతో పాటు కాలిబ్రేషన్ వేరే లైనుగా ఉందో లేదో బిల్లులో చూడండి. బయట అద్దాల షాపులో తక్కువలో వేయించుకుంటే మిగిలింది ఇక్కడ పోతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో

ఊళ్లో పది నిమిషాలు తిప్పితే ఏమీ తెలీదు. హైవే మీద నలభై నిమిషాలు అడగండి. 70 మీద లేన్ అసిస్ట్ ఆన్ చేసి, సర్వీసు రోడ్డు కలిసే చోట గీత తెగినప్పుడు బొమ్మ రంగు మారుతూ శబ్దం చేస్తుందా చూడండి, పక్క సీటులో ఒకరు బొమ్మనే చూస్తూ ఉండాలి. వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు తాకి, లేన్ బొమ్మ మిగిలిందా లేదా చూడండి. ఇండికేటర్ లేకుండా కొంచెం పక్కకి తిప్పి, ఎంత బలంతో ఎదురొస్తుందో చేతికి పట్టించుకోండి. యాక్సిలరేటరు తొక్కి వదిలి, క్లస్టర్‌లో ఏం రాస్తుందో చదవండి. ఇవే ఇంట్లో నడిపే అందరూ ఒక్కోసారి చెయ్యాలి.

మన దగ్గర చెన్నై ఎయిర్‌పోర్టుకి పోవాలంటే యాక్టింగ్ డ్రైవర్‌ని పిలుస్తాం. అతను నిన్న నడిపింది ఇంకో కంపెనీ కారు, అందులో బ్రేకు తాకితే రెండూ పోయి ఉండొచ్చు. తాళం చేతికిచ్చే ముందు అడాస్ మొత్తం ఆపి ఇవ్వడం ఒక పద్ధతి. వాడతానంటే సన్ వైజర్‌కి ఒక చీటీ అంటించండి: "బ్రేకు తాకితే క్రూజ్ పోతుంది, లేన్ పోదు. యాక్సిలరేటరు మీద కాలుంటే బ్రేకు పడదు. లేన్ మారితే ఇండికేటర్. టోల్, వాన, ఊరు వస్తే క్యాన్సిల్. గ్యాప్ పెద్దది, వేగం 80." మీ బండిలో మొదటి వాక్యం వేరుగా ఉంటే సరిచేసి రాయండి.